నట్టల మందు ఏది ఎంచుకోవాలి? మందకు ఒకటి, కాపలా కుక్కకు మరొకటి

పశువుల మందుల షాపులో నట్టల మందు అడిగితే కౌంటర్ మీదికి నాలుగైదు సీసాలు వస్తాయి. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్, లెవామిసోల్, ఐవర్‌మెక్టిన్, క్లోసాంటెల్. అన్నీ నట్టల మందులే. కానీ ఒకటి చంపే పురుగు జోలికి మరొకటి పోదు. చెరువు శిఖంలో మేసి కార్జపు జలగ పట్టిన గొర్రెకు ఐవర్‌మెక్టిన్ ఎంత పోసినా జలగ చావదు. రక్తం తాగే పురుగు మందుకు మొండిగా మారిన మందలో ఆల్బెండజోల్ పోస్తే డబ్బు పోవడమే కాదు, వారం రోజుల విలువైన సమయం కూడా పోతుంది. ఆ వారంలోనే జీవాలు పడిపోతాయి.

దీనికి తోడు చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. గొర్రెల నుంచి కుక్క ద్వారా మన ఇంటి మనుషులకు వచ్చే పరాన్నజీవి జబ్బుల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది హైడాటిడ్ తిత్తి, అంటే కార్జంలో, ఊపిరితిత్తుల్లో పెరిగే నీటి గడ్డ. గొర్రెకు పోసే ఏ మందూ దాన్ని ఆపదు. ఆపేది కుక్కకు వేసే ఒక చిన్న మాత్ర. అందుకే ఈ పోలికలో గొర్రెల మందులతో పాటు కుక్క మందునూ అంతే వివరంగా చెబుతున్నాం.

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో ఉంది, దాదాపు 1 కోటి 90 లక్షలు. సుమారు 1 కోటి 76 లక్షలతో ఆంధ్రప్రదేశ్ రెండో స్థానం. ఇన్ని జీవాలు, వాటి వెంట ఇన్ని కుక్కలు, వాటితో కలిసి బతికే ఇన్ని కుటుంబాలు ఉన్నచోట మందు ఎంపిక ఒక్క రైతు లాభనష్టాలతో ఆగిపోయే విషయం కాదు.

ముందు పురుగును గుర్తుపట్టండి, తర్వాత సీసా

మందు ఎంపికలో సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. జీవం చిక్కిపోయింది, పారుతోంది అనగానే నట్టలే అనుకుంటారు. లక్షణాలు చూస్తే తేడా కొంతవరకు తెలుస్తుంది.

కంటి కింది రెప్ప లోపల తెల్లగా పాలిపోయి, దవడ కింద నీరు దిగి, నాలుగు అడుగులు వేస్తే ఆయాసపడుతూ, పెంటికలు మాత్రం మామూలుగా గట్టిగానే వేస్తుంటే అది నాలుగో పొట్టలో ఉండి రక్తం తాగే హీమాంకస్ పురుగు. సన్నగా, రెండు సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. చచ్చిన గొర్రె నాలుగో పొట్ట కోసి చూస్తే ఎరుపు, తెలుపు దారాలు పెనవేసినట్టు కనిపిస్తుంది. ఒక్కో పురుగు రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తం తాగుతుంది. లెక్క వేయండి: 5,000 పురుగులున్న గొర్రె రోజూ 250 మిల్లీలీటర్లు, అంటే ఒక పెద్ద గ్లాసు రక్తం పోగొట్టుకుంటుంది. ఒక్కో ఆడపురుగు రోజుకు 5,000 నుంచి 10,000 గుడ్లు పెడుతుంది. వానాకాలపు తడి, వెచ్చదనం తోడైతే వారం రోజుల్లో ఆ గుడ్ల నుంచి వచ్చిన పిల్ల పురుగులు సోకే దశకు చేరి గడ్డి మొదళ్ల మీద కూర్చుంటాయి. జూన్‌లో బాగున్న మంద ఆగస్టుకల్లా పడకేయడానికి కారణం ఇదే. ఈశాన్య రుతుపవనాల వాన పడే నెల్లూరు, ప్రకాశం వైపు ఈ గండం నవంబరు, డిసెంబరు దాకా సాగుతుంది.

చెరువు అంచున, కాలువ గట్టున, కోసిన వరి మళ్లలో మేసిన మందలో వానలు వెనకబడ్డాక ఇవే లక్షణాలు, దవడ కింద నీరు, పాలిపోవడం కనిపిస్తే కార్జపు జలగను అనుమానించాలి. మన దగ్గర ఉండేది ఫాసియోలా జైగాంటికా. నీటి నత్త లేకుండా దీని బతుకు సాగదు. అందుకే నీటి వసతి లేని అనంతపురం బీళ్లలో మేసే మందకూ, డెల్టా కాలువల కింద మేసే మందకూ ఒకే మందుల పట్టిక పనికిరాదు.

నీళ్లలా, ముక్కు మూసుకునేంత కంపుతో పారుతుంటే పొట్ట జలగ పిల్లలు కావచ్చు. ఇవి కూడా నత్త నుంచే వస్తాయి. పేగు గోడలో దూరి ఉంటాయి కాబట్టి పెంట పరీక్షలో గుడ్లు కనిపించకపోవచ్చు. పరీక్షలో ఏమీ లేదన్నారని వదిలేస్తే జీవాలు చచ్చిపోతాయి.

పెంటికల మీద వండిన అన్నం మెతుకుల్లాంటి తెల్లటి ముక్కలు కనిపిస్తే అది బద్దె పురుగు, మోనీజియా. చూడటానికి భయంకరంగా ఉంటుంది గానీ చేసే హాని చాలా తక్కువ. దీన్ని చూసి గాబరాపడి మందు కొనేవాళ్లు, బయటికి కనిపించని హీమాంకస్‌ను పట్టించుకోరు. ప్రాధాన్యం తలకిందులైపోయేది అక్కడే.

నెల నుంచి నాలుగు నెలల పిల్లలు జిగటగా, కొన్నిసార్లు నెత్తురుతో పారుతూ, తోక కింద అంటుకుపోయి ఉంటే అది కాక్సిడియా. ఇది పురుగు కాదు, కంటికి కనిపించని ఏకకణ జీవి. పైన చెప్పిన అయిదు మందుల్లో ఒక్కటీ దీని మీద పనిచేయదు. సల్ఫా మందులు గానీ, యాంప్రోలియం, టోల్ట్రాజురిల్ లాంటివి గానీ డాక్టరు చెప్పిన మోతాదులో వాడాలి. దొడ్డి తడి ఆరబెట్టకపోతే అవీ నిలబడవు.

గొర్రె ఒకే వైపు గుండ్రంగా తిరుగుతూ, తల వాల్చి, గోడకు తల ఆనించి నిలబడితే మెదడులో నీటి తిత్తి పెరుగుతోందని అనుమానించాలి. దీని మూలం కుక్కలో ఉంటుంది. ఆ సంగతి కింద చూద్దాం.

అయిదు మందుల పోలిక

ఆల్బెండజోల్‌కు విస్తృతి ఎక్కువ. గుండ్రటి పురుగులు, బద్దె పురుగు, పెద్ద జలగలు మూడింటి మీదా పనిచేస్తుంది. చవక కూడా. గొర్రెకు కిలో బరువుకు 7.5 మిల్లీగ్రాములు వాడతారు. మేకకు 10 మిల్లీగ్రాములు కావాలి, ఎందుకంటే మేక శరీరం ఈ మందును గొర్రెకన్నా తొందరగా కరిగించి బయటికి పంపేస్తుంది. లోపాలు మూడు. చాలా ఏళ్లుగా ఇదే వాడుతున్న మందల్లో హీమాంకస్ దీనికి మొండిగా మారింది. కార్జంలో తిరిగే పిల్ల జలగలను ఇది చంపలేదు. పొట్టేలు దాటిన మొదటి నెల, నెలన్నరలో పోస్తే కడుపులో పిల్ల అవకరంతో పుట్టే ప్రమాదం ఉంది. మందలో పొట్టేలు ఎప్పుడూ కలిసే తిరిగే మన పద్ధతిలో ఏ గొర్రె ఏ దశలో ఉందో చెప్పలేం. అందువల్ల కొత్తగా కట్టిన ఆడ జీవాలకు ఫెన్‌బెండజోల్ మేలు. గొర్రెకు కిలోకు 5, మేకకు 10 మిల్లీగ్రాములు. చూడి జీవాలకు నమ్మకంగా వాడొచ్చు. అయితే రెండూ ఒకే కుటుంబం మందులు. ఒకటి పనిచేయని మందలో రెండోది కూడా పనిచేయదు. జలగల మీద ఫెన్‌బెండజోల్‌కు ఈ మోతాదులో పట్టు లేదు.

లెవామిసోల్ వేరే కుటుంబం. పురుగును స్తంభింపజేస్తుంది, ఆ తర్వాత అది పెంటతో కొట్టుకుపోతుంది. ఆల్బెండజోల్‌కు లొంగని హీమాంకస్ మీద ఇది పనిచేసే అవకాశం ఎక్కువ. గొర్రెకు కిలోకు 7.5 మిల్లీగ్రాములు. మేకకు 12 వరకు వెళ్లొచ్చు గానీ అది డాక్టరు చేతుల మీదుగానే జరగాలి. కారణం, సరిపోయే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య దూరం ఈ మందులో చాలా తక్కువ. ఎక్కువైతే గంటలోపే చొంగ కార్చి, వణికి, పడిపోతుంది. బక్కచిక్కిన జీవానికి కంటి అంచనాతో పోయడానికి ఇది అసలు పనికిరాదు. జలగ మీద, బద్దె పురుగు మీద దీనికి పట్టు లేదు. షాపుల్లో లెవామిసోల్, ఆక్సిక్లోజనైడ్ కలిపిన సీసా దొరుకుతుంది. ఆక్సిక్లోజనైడ్ పెద్ద జలగలను చంపుతుంది కాబట్టి చెరువు కింది మందకు ఈ జోడీ మంచిదే.

ఐవర్‌మెక్టిన్ కిలోకు 0.2 మిల్లీగ్రాములు. 1 శాతం ఇంజెక్షన్ అయితే 50 కిలోలకు 1 మిల్లీలీటరు, అంటే 25 కిలోల గొర్రెకు అర మిల్లీలీటరు, చర్మం కింద. గుండ్రటి పురుగులతో పాటు గజ్జి, ముక్కులో పెరిగే ఈగ పురుగులు కూడా పోతాయి. ఒక్క సూదితో ఇన్ని పోతాయి కాబట్టే దీన్ని సర్వరోగ నివారిణి అనుకుంటారు. జలగ మీద, బద్దె మీద సున్నా. గజ్జి ఉంటే ఇంజెక్షన్ ఎంచుకోండి, వారం పది రోజులకు మళ్లీ ఒకసారి వేయాలి. పొట్ట పురుగుల కోసమే అయితే తాగించే రకం మేలు. మేకకు తాగించేటప్పుడు గొర్రె మోతాదుకు రెట్టింపు కావాలి.

క్లోసాంటెల్ ఎంచి కొట్టే మందు. రక్తంలో కలిసి అక్కడే చాలాకాలం నిలుస్తుంది, ఆ రక్తం తాగిన పురుగు చస్తుంది. హీమాంకస్, వయసొచ్చిన కార్జపు జలగ, ముక్కు పురుగు, ఈ మూడింటికీ గట్టి దెబ్బ. గొర్రెలో కొన్ని వారాల పాటు హీమాంకస్ తిరిగి పట్టకుండా కాస్తుంది. మేక ఒంట్లో అంతకాలం నిలవదు. రక్తం తాగని మిగతా పేగు పురుగుల మీద దీని ప్రభావం లేదు. గొర్రెకు కిలోకు 10 మిల్లీగ్రాములు. మోతాదు దాటితే జరిగే హాని మామూలుది కాదు, కంటి నరం చెడి జీవం శాశ్వతంగా గుడ్డిదవుతుంది. తూకం లేకుండా ఈ సీసా మూత తీయకండి. మాంసంలో చాలాకాలం ఉంటుంది. బ్రిటన్‌లో క్లోసాంటెల్ తాగించిన గొర్రెను 42 రోజుల దాకా మాంసానికి కోయకూడదన్న నియమం ఉంది. పాలు వాడుకునే మేకకు వేయొద్దు. వచ్చే నెల పండక్కి అమ్మాలనుకున్న పొట్టేలుకు వేరే మందు చూసుకోండి.

మరి పిల్ల జలగలకు? ట్రైక్లాబెండజోల్, కిలోకు 10 మిల్లీగ్రాములు. కార్జం లోపల తొలుచుకుపోయే చిన్న జలగలను కూడా చంపే మందు ఇది. జలగ ఎక్కువై హఠాత్తుగా చచ్చిపోతున్న మందలో దీన్నే అడగాలి. గుండ్రటి పురుగుల మీద పనిచేయదు.

మా అభిప్రాయం ఒక్క మాటలో చెప్పమంటే: మెట్ట బీడులో మేసే మందకు వానాకాలంలో లెవామిసోల్ గానీ క్లోసాంటెల్ గానీ. చెరువు, కాలువ కింద మేసే మందకు వానల తర్వాత జలగ మందు తప్పనిసరి. ఆల్బెండజోల్‌ను మీ మందలో ఇంకా పనిచేస్తోందని పరీక్షలో తేలితేనే వాడండి. మైలుతుత్తం నీళ్లు తాగించే పాత అలవాటు మాత్రం మానేయండి. అందులోని రాగి గొర్రె కార్జంలో పేరుకుపోతుంది. గొర్రె రాగికి తట్టుకోలేని జీవం, ఒకరోజు ఒక్కసారిగా పచ్చకామెర్లతో పడిపోతుంది.

శాతం చూడకుండా పోస్తే జరిగేది

ఒకే ఆల్బెండజోల్ 2.5 శాతం గానూ, 10 శాతం గానూ దొరుకుతుంది. 2.5 శాతమంటే మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాములు, 10 శాతమంటే 100. 30 కిలోల గొర్రెకు కావలసింది 225 మిల్లీగ్రాములు. అంటే 2.5 శాతం సీసా నుంచి 9 మిల్లీలీటర్లు, 10 శాతం సీసా నుంచి రెండుంబావు మిల్లీలీటర్లు. పోయినసారి తొమ్మిది పోశామన్న గుర్తుతో ఈసారి 10 శాతం మందు తొమ్మిది పోస్తే నాలుగింతలు పోసినట్టు. తారుమారైతే పావు వంతే పోసినట్టు. పావు వంతు మోతాదు పురుగును చంపదు, మందును ఓర్చుకునే పురుగుల్ని ఏరి మిగులుస్తుంది. రెండేళ్లలో మీ జీవాల్లో ఉండే పురుగులన్నీ వాటి సంతానమే.

తూకానికి వేలాడదీసే స్ప్రింగు కాటా చాలు. తెలంగాణలో 2017లో మొదలైన గొర్రెల పంపిణీలో ఒక యూనిట్ అంటే 20 గొర్రెలు, ఒక పొట్టేలు. అంతటి చిన్న మందను గంటలో తూచొచ్చు. పెద్ద మంద అయితే పిల్లలు, ఎదుగుతున్నవి, పెద్దవి అని మూడుగా విడదీసి, ప్రతి గుంపులో అన్నిటికన్నా బరువైన జీవాన్ని తూచి, ఆ మోతాదే గుంపంతటికీ పోయండి. సగటు బరువుకు పోస్తే గుంపులో సగానికి తక్కువ పడుతుంది. లెవామిసోల్, క్లోసాంటెల్‌కు మాత్రం ఈ పద్ధతి వద్దు, బరువుల తేడా ఎక్కువుంటే ఒక్కోదాన్నీ తూచాల్సిందే.

పోసే తీరు కూడా ఫలితాన్ని మారుస్తుంది. తల మరీ పైకెత్తకూడదు, ముక్కు కంటికి సమానంగా ఉంటే చాలు. ఎత్తి పట్టి వేగంగా పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియాతో చస్తుంది. మందు తాగించే డ్రెంచింగ్ గన్ ముక్కును నోటి పక్క సందులోంచి పెట్టి నాలుక వెనక భాగం మీద వదలాలి. నోటి ముందు భాగంలో పోస్తే మందు మొదటి పొట్టను దాటేసి నేరుగా నాలుగో పొట్టలోకి పోవచ్చు. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ మొదటి పొట్టలో నిలిచి కొద్దికొద్దిగా ఒంటికి పట్టాల్సిన మందులు. ఆ రెండింటికి ముందు రోజు సాయంత్రం నుంచి మేత ఆపి ఉదయం పోస్తే బాగా పడుతుంది. నిండు చూడి వాటిని, బక్కవాటిని పస్తు పెట్టకండి. సీసా బాగా కుదపండి, మందు అడుగున పేరుకుంటుంది. మొదటి పది జీవాలకు నీళ్లు, చివరి పదికి చిక్కటి మందు పడటం మామూలుగా జరిగే తప్పు.

మందంతటికీ పోయాలా, ఎంచి పోయాలా?

రెండు రాష్ట్రాల పశుసంవర్ధక శాఖలూ ఉచితంగా నట్టల మందు తాగించే కార్యక్రమాలు చేపడతాయి. అవి వచ్చినప్పుడు మీ మందను తప్పకుండా తీసుకెళ్లండి. ఊరి మందలన్నీ ఒకేసారి తాగితే బీడు మీద గుడ్ల భారం తగ్గుతుంది. తాగించిన మందు పేరు, తేదీ ఒక పుస్తకంలో రాసుకోండి. ఎంపిక చేసుకోవాల్సింది ఆ విడతల మధ్య కాలంలో.

హీమాంకస్ విషయంలో మేము ఎంచి పోయడం వైపే మొగ్గుతాం. పురుగుల్లో ఎక్కువ భాగం మందలోని కొన్ని జీవాల్లోనే ఉంటాయి. వాటిని పట్టుకోవడానికి దక్షిణాఫ్రికాలో ఫమాచా అనే రంగుల పట్టీ తయారు చేశారు. కింది రెప్పను బొటనవేలితో కిందికి లాగి లోపలి పొర రంగును పగటి వెలుగులో అయిదు రంగులతో పోలుస్తారు. 1 ఎర్రటి ఎరుపు, 3 గులాబీ, 5 కాగితంలా తెలుపు. 4, 5 వచ్చినవాటికి వెంటనే మందు. 3 వచ్చినవి పిల్లలో, బక్కవో, పాలిచ్చే తల్లులో అయితే వాటికీ. 1, 2 వచ్చినవాటిని వదిలేయాలి. వాటిలో ఉన్న కొద్ది పురుగులు మందు ఎరగనివి. అవి బీడు మీద పెట్టే గుడ్లే మొండి పురుగుల సంతానాన్ని పల్చన చేస్తాయి. వానాకాలంలో రెండు వారాలకోసారి చూడాలి. పదిలో ఒకటికి మించి 4, 5 వస్తుంటే ఇక ఎంచడం ఆపి మందంతటికీ పోయండి.

కార్జపు జలగకు ఈ పద్ధతి పనికిరాదు. కన్ను తెల్లబడేసరికి కార్జం చెడిపోయి ఉంటుంది. నీటి వాలులో మేసే మందకు వానలు తగ్గాక అన్నిటికీ పోయడమే సరైనది. ఫమాచా పారుడు తెప్పించే మిగతా పురుగులనూ చూపదు.

ఈనడానికి రెండు వారాల ముందు నుంచి ఈనాక ఆరేడు వారాల దాకా తల్లి ఒంట్లో నిరోధం సడలి, పెంటలో గుడ్లు ఒక్కసారిగా పెరుగుతాయి. ఆ పెంట పడ్డ చోటే పిల్లలు గడ్డి కొరకడం మొదలుపెడతాయి. ఏడాదిలో ఒక్క విడతకే డబ్బుందంటే ఈ తల్లుల మీద పెట్టండి.

మందు పనిచేసిందా లేదా తెలుసుకోవడానికి పెంట పరీక్షకు మించిన దారి లేదు. పది జీవాల నుంచి, నేల మీది పెంట కాకుండా మలద్వారం నుంచి తీసిన తాజా పెంటికలు, ఒక్కోదానికి అయిదు గ్రాములు, విడివిడి కవర్లలో, ఎండ తగలకుండా అదే రోజు పశువైద్యశాలకు గానీ జిల్లా వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు గానీ ఇవ్వండి. మందు పోసిన 10 నుంచి 14 రోజులకు అవే జీవాల పెంట మళ్లీ ఇవ్వండి. గ్రాముకు 1,000 గుడ్లు 50కి పడిపోతే 95 శాతం తగ్గినట్టు, మందు పనిచేస్తోంది. 300 దగ్గరే ఆగితే ఆ కుటుంబం మందు మీ మందలో అయిపోయినట్టే. ఏటా మందు మారుస్తున్నాం కదా అని ధీమాగా ఉండొద్దు. తక్కువ మోతాదులో మూడు మందులు తిప్పితే మూడింటికీ మొండి పురుగులు తయారవుతాయి.

సొంత గడ్డి మడులు ఉన్నవాళ్లకు మందు ఖర్చు తగ్గించే దారి ఇంకొకటి ఉంది. తడి, వేడి ఉన్న నేలలో పిల్ల పురుగులు తొందరగా పుట్టి తొందరగా చస్తాయి. పసిఫిక్ ద్వీపాల్లో మేకలను ఒక్కో మడిలో మూడున్నర రోజులు మేపి, నెల రోజుల తర్వాతే మళ్లీ ఆ మడికి తెచ్చే పద్ధతి పరీక్షించి పురుగు భారం బాగా తగ్గిందని చూపారు. మేకలకైతే తుమ్మ, సుబాబుల్ లాంటి చెట్టు మేత ఎంత పెంచితే అంత మంచిది. పిల్ల పురుగులు నేలకు జానెడు ఎత్తు కూడా ఎక్కవు.

మనిషికి ఏది సోకుతుంది?

హీమాంకస్ మనిషికి పట్టడం చాలా అరుదు. మోనీజియా, గొర్రె కాక్సిడియా పట్టవు. జలగలున్న కార్జం కూర తింటే జలగ రాదు. అది నీటి మొక్కల మీద, వడగట్టని చెరువు నీళ్లలో ఉండే పిల్ల దశ కడుపులోకి పోతేనే వస్తుంది. గొర్రె ఊపిరితిత్తుల్లో, కార్జంలో కనిపించే నీటి తిత్తి పొరపాటున కూరలో పడినా దానివల్ల మనిషికి హైడాటిడ్ రాదు. ఇది చాలామందికి తెలియదు. మాంసం చూసి భయపడతారు, పక్కనే కూర్చున్న కుక్కను నిమురుతారు.

ఆ తిత్తి దారి ఇదీ. తిత్తి ఉన్న ఊపిరితిత్తిని కుక్క తింటుంది. లోపలున్న వేల సూక్ష్మ తలలు కుక్క పేగులో 3 నుంచి 6 మిల్లీమీటర్ల బుల్లి బద్దె పురుగులవుతాయి. సుమారు 45 రోజులకు గుడ్లు కుక్క పెంటలో పడటం మొదలవుతుంది. గుడ్లు కంటికి కనపడవు, కుక్క బొచ్చుకు అంటుకుంటాయి, పెరటి ఆకుకూర మీద పడతాయి. గొర్రె వాటిని గడ్డితో తింటుంది. మనిషి చేతితో తింటాడు. మనిషిలో తిత్తి ఎక్కువగా కార్జంలో, తర్వాత ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి నొప్పి లేకుండా పెరుగుతుంది. అది లోపల పగిలితే ప్రాణాంతకమైన అలర్జీ రావచ్చు. గొర్రెకు ఒక డోసు ఆల్బెండజోల్ పోస్తే ఈ తిత్తి చావదు.

గుండ్రంగా తిరిగే గొర్రె మెదడులోని తిత్తిదీ ఇదే దారి, పురుగు మాత్రం వేరు. అలాంటి గొర్రెను కోసి తలకాయ కుక్కలకు పడేస్తే వచ్చే ఏడాది జబ్బును మనమే విత్తినట్టు.

కుక్కకు ఏ మాత్ర?

ఇక్కడ తప్పు ఎంపిక చాలా తరచుగా జరుగుతుంది. పైరాంటెల్, ఫెన్‌బెండజోల్, ఐవర్‌మెక్టిన్ వేసి కుక్కకు నట్టల మందు వేశామనుకుంటారు. హైడాటిడ్ పురుగు మీద అవి నిలబడవు. కావలసింది ప్రాజిక్వాంటెల్, కిలోకు 5 మిల్లీగ్రాములు. ప్రాజిక్వాంటెల్, పైరాంటెల్, ఫెబాంటెల్ మూడూ కలిపిన మాత్ర షాపుల్లో దొరుకుతుంది. 10 కిలోలకు ఒక మాత్ర, అందులో ప్రాజిక్వాంటెల్ 50 మిల్లీగ్రాములు. పట్టీ వెనక ఆ పేరు, ఆ అంకె చూసి కొనండి. మన మంద కుక్క 15 నుంచి 20 కిలోలుంటుంది, అంటే ఒకటిన్నర నుంచి రెండు మాత్రలు. మాంసం ముక్కలో దాచి పెట్టి, మింగేదాకా చూడండి.

ఎన్నాళ్లకోసారి? 45 రోజులకోసారి వేస్తే పురుగు గుడ్లు పెట్టే వయసుకు రాకముందే చస్తుంది. మూడు నెలలకోసారి వేస్తే, కుక్క వెంటనే మళ్లీ తిత్తి తిన్నదనుకుంటే సగం రోజులు గుడ్లు పడుతూనే ఉంటాయి. 45 రోజుల పద్ధతి కుదరకపోతే మూడు నెలలది మానకండి, కానీ పడేసే అవయవాల విషయంలో అప్పుడు ఇంకా కఠినంగా ఉండాలి. ప్రాజిక్వాంటెల్ పురుగును చంపుతుంది, గుడ్లను చంపదు. మాత్ర వేశాక రెండు రోజులు కుక్కను కట్టేసి, ఆ పెంటను చేతికి కవరు తొడుక్కుని తీసి లోతుగా పాతండి లేదా కాల్చండి. ఫినాయిల్, బ్లీచింగ్ ఈ గుడ్లను నమ్మకంగా చంపవు. ఎండ, మరిగే నీళ్లు చంపుతాయి.

బోనాలు, జాతర, సంక్రాంతి, ఇంట్లో శుభకార్యం. ఇంటి దగ్గర కోత పడ్డ రోజే కుక్కలకు పండగ. కోతలో వచ్చిన తిత్తులున్న అవయవాలకు మూడు దారులున్నాయి. పాతిపెట్టడం మేలే గానీ కనీసం మీటరు లోతు తవ్వి, సున్నం చల్లి, పైన ముళ్లకంప, రాళ్లు పెట్టాలి. అడుగు లోతు గుంతను కుక్క రాత్రికే తవ్వుతుంది. కాల్చడం తడి ఊపిరితిత్తికి కష్టం, పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. ఉడకబెట్టడం అన్నిటికన్నా తేలిక. ముక్కలుగా కోసి మరిగే నీటిలో కనీసం అరగంట ఉడికిస్తే కుక్కకు పెట్టినా ప్రమాదం లేదు. న్యూజిలాండ్ ఈ అవయవాల నిషేధాన్నీ, కుక్కల మందునూ దశాబ్దాల పాటు వదలకుండా అమలు చేసి 2002లో ఈ జబ్బు నుంచి దాదాపు విముక్తమైనట్టు ప్రకటించుకుంది. గొర్రెకు వేసే ఇజి95 అనే టీకా కొన్ని దేశాల్లో వాడుకలో ఉంది.

అయిదారు ఈతలు ఈనిన ముసలి గొర్రెల అవయవాల మీద మరింత జాగ్రత్త అవసరం. తిత్తి పెరిగి పండటానికి ఏళ్లు పడుతుంది, ఆరు నెలల పొట్టేలు పిల్లలో అది దాదాపు కనిపించదు.

కుక్క కాకుండా పిల్లి నుంచి వచ్చేది టాక్సోప్లాస్మా అనే ఏకకణ జీవి. పిల్లి పెంట దాణాలో కలిస్తే గొర్రెలు, మేకలు ఈసుకుపోతాయి. ఆ ఈసుకుపోయిన పిండాన్ని, మావిని గర్భిణులు ముట్టుకోకూడదు. ఈతల కాలంలో దొడ్డి పని వేరేవాళ్లకు అప్పగించండి. చేసేవాళ్లు గ్లవుజులు వేసుకోవాలి. మేకపాలు పసిపిల్లలకు పచ్చిగా పట్టొద్దు, పొంగు వచ్చేదాకా కాచండి. మాంసం లోపలి ఎరుపు పోయేదాకా ఉడకాలి. పుట్టిన మొదటి మూడు వారాల్లో పారే పిల్లలను ఎత్తుకున్న చేతులతో అన్నం తింటే క్రిప్టోస్పోరిడియం అనే మరో ఏకకణ జీవి మనకూ విరేచనాలు తెప్పిస్తుంది. దానికి సబ్బు, పారే నీళ్లే మందు, క్లోరిన్‌కు అది లొంగదు.

జీవాలకు ఇబ్బంది వస్తే రెండు రాష్ట్రాల్లోనూ 1962కు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. మనుషుల విషయంలో, మంద ఉన్న ఇంట్లో ఎవరికైనా కుడి డొక్కలో చాలాకాలంగా బరువుగా ఉన్నా, స్కానింగులో కార్జంలో నీటి గడ్డ ఉందన్నా, మా ఇంట్లో గొర్రెలు, కుక్క ఉన్నాయని డాక్టరుతో మొదటే చెప్పండి. ఆ మాట తెలియకపోతే మామూలు నీటి గడ్డ అనుకుని సూది పెట్టి నీళ్లు తీసే ప్రమాదం ఉంది. ముందు జాగ్రత్తలు, ఆల్బెండజోల్ మాత్రల రక్షణ లేకుండా ఆ సూది గుచ్చితే తిత్తి లోపలి నీరు కడుపులో చిందుతుంది.